జూలీ మూలుగుతోందని తలుపు తీయకండి

ప్రశ్న: మా కుక్క జూలీకి నాలుగేళ్లు, 18 కిలోల బరువు. బండి గుద్ది వెనక కుడికాలి తొడ ఎముక విరిగింది. ప్లేటు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేశారు. ఈ రోజుకి 11 రోజులు. 8 వారాలు కమ్మీల బోనులాంటి క్రేట్‌లోనే ఉంచాలని, కాలకృత్యాలకి తప్ప బయటికి తీయొద్దని డాక్టరు గారు చెప్పారు. అదేమో రాత్రీపగలూ మూలుగుతోంది. పక్కన కూర్చుని నేనూ ఏడుస్తున్నాను. ‘మూడు కాళ్ల మీద బాగానే తిరుగుతోందిగా, ఆ బోనులోంచి వదిలెయ్’ అంటున్నారు మావారు. కాలు అప్పుడప్పుడూ నేలకి ఆనిస్తుంది, ఎక్కువసేపు ఎత్తే ఉంచుతుంది. తొడ బాగా సన్నబడింది. ఆపరేషన్ సరిగా కుదరలేదేమోనని భయం. నొప్పి మాత్రలు మొన్నటితో అయిపోయాయి, మేం వేసుకునే మాత్ర సగం వేయొచ్చా? ఎముక త్వరగా అతుక్కోవాలంటే కాల్షియం సిరప్ పట్టమని అత్తయ్య గారు అంటున్నారు. ఇదివరకు రోజూ నా మంచం మీద, కాళ్ల దగ్గర పడుకునేది. మళ్లీ ఎప్పుడు రానివ్వొచ్చు?

జవాబు: ముందు మాత్ర సంగతి చెబుతాను. మిగతావన్నీ రేపటిదాకా ఆగగలవు, ఇది ఆగదు. వేయొద్దు. సగం కాదు కదా, పిసరంత కూడా వద్దు. మనం ఒళ్లునొప్పులకి వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కుక్క కడుపులో పుళ్లు పుట్టించి రక్తం కారేలా చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. బరువును బట్టి లెక్కేసి తగ్గించి వేస్తే పరవాలేదు అనుకుంటారు చాలామంది. మనిషి ఒళ్లు మందును విరిచేసే తీరు వేరు, కుక్క ఒళ్లు విరిచేసే తీరు వేరు. అందుకే ఆ లెక్క కుదరదు. ఇప్పటికే ఒకసారి వేసి ఉంటే దాచకుండా ఈ క్షణమే డాక్టరు గారికి చెప్పండి.

అయితే మీరు ఆ మాత్ర గురించి ఎందుకు అడిగారో నాకు అర్థమైంది. తొడ ఎముక విరిగి, కోసి, లోహం బిగించిన కాలు అది. మందు మొన్ననే ఆగిపోయింది. ఈ రెండు రోజుల్లో మూలుగు పెరిగిందా? పెరిగితే అది మొండితనం కాదు, నొప్పి. ఈ రోజే ఫోన్ చేసి ‘మందు అయిపోయింది, ఇంకా నొప్పి ఉన్నట్టుంది’ అని చెప్పండి. కార్ప్రోఫెన్, మెలోక్సికామ్ లాంటి కుక్కలకి ఇచ్చే నొప్పి మందులు ఇంకొన్నాళ్లు కొనసాగించాలా, వాటికి గాబపెంటిన్ లాంటిది జతచేయాలా అన్నది వాళ్లు చూసుకుంటారు. ఏది ఇచ్చినా తిండితో పాటే వేయండి. వాంతులైనా, తిండి మానేసినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా ఆ పూట మందు ఆపి ఫోన్ చేయండి. దురదకో ఎలర్జీకో స్టెరాయిడ్ వాడుతుంటే అదీ ముందే చెప్పాలి, ఆ నొప్పి మందు, స్టెరాయిడ్ రెండూ కలిస్తే కడుపుకి పెద్ద ప్రమాదం.

నొప్పితో మూలుగుతోందా, ఒంటరితనంతోనా అన్నది మీరు ఇంట్లో కూర్చునే చాలావరకు పోల్చుకోవచ్చు. నొప్పి ఉన్న కుక్క మీరు పక్కన కూర్చున్నా కుదురుకోదు. పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ తిరిగి పడుకుంటుంది. ఎండలో లేకపోయినా వగరుస్తుంది, వణుకుతుంది, మాటిమాటికీ కాలి వైపు తల తిప్పి చూస్తుంది, ఎప్పుడూ గుర్రుమనంది ముట్టుకోబోతే గుర్రుమంటుంది. ఒంటరితనంతో మూలిగేది అలా కాదు. మీరు గదిలోంచి వెళ్లగానే మొదలుపెడుతుంది, మీ అడుగుల చప్పుడు వినగానే ఆపుతుంది, తిండి శుభ్రంగా తింటుంది. మొదటిదానికి మందు కావాలి. రెండోదానికి మీరు కావాలి. తలుపు తీయడం ఈ రెంటికీ మందు కాదు.

ఇక తలుపు సంగతి. దీన్ని మీవారు కూడా చదవాలి.

అయ్యా, అది మీకు బోనులా కనిపించడంలో తప్పేమీ లేదు. నిన్నటిదాకా ఇల్లంతా పరుగులు తీసినదాన్ని నాలుగు కమ్మీల మధ్య చూడటం ఎవరికైనా కష్టమే. కానీ లోపల ఏం జరుగుతోందో ఒక్కసారి ఊహించండి. ఎముక విరిగినచోట మొదట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గడ్డ స్థానంలో మెత్తటి కణజాలం పెరిగి రెండు ముక్కలనూ పట్టుకుంటుంది. చేత్తో వంచితే వంగే బంధం అది. అందులో సున్నం చేరి గట్టిపడి, బరువు మోసే ఎముకగా మారడానికి ఎదిగిన కుక్కల్లో 8 నుంచి 12 వారాలు పడుతుంది. కుక్కపిల్లల్లో అయితే 4, 5 వారాల్లోనే అయిపోతుంది గానీ జూలీ చిన్నపిల్ల కాదు. ఈలోగా కాలిని నిలబెడుతున్నది ప్లేటు ఒక్కటే. ఇనుప తీగను ఇటూ అటూ వంచుతూ పోతే ఏదో ఒక వంపు దగ్గర పుటుక్కున తెగుతుంది కదా, ప్లేటూ అంతే. ప్రతి గెంతుకీ వెంట్రుకవాసి వంగుతుంది. మెల్లగా వేసే అడుగులను అది నెలల తరబడి భరించగలదు. సోఫా మీది నుంచి దూకే దూకుళ్లను భరించలేదు. ప్లేటు అలసిపోయేలోపు ఎముక గట్టిపడాలి.

ఇందులో చిక్కేమిటంటే, ఎముక అతుక్కోవడం కన్నా ముందే నొప్పి తగ్గిపోతుంది. రెండు మూడు వారాలకే కుక్కకి హాయిగా ఉంటుంది. తోక ఊపుతుంది, బంతి తెమ్మంటుంది, ఆటకి పిలుస్తుంది. తన ఎముక ఇంకా అతుక్కోలేదన్న సంగతి దానికి ఎవరు చెప్పాలి? మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా నాకు భయమేసే రోజులు ఇవే. మొదటి వారంలో కుక్కే కదలదు, ఇంట్లోవాళ్లూ జాగ్రత్తగా ఉంటారు. దెబ్బ తగిలేదంతా ‘బాగానే ఉందిగా’ అన్న తర్వాతే.

నేను చూసిన కుక్క ఒకటి ఆపరేషన్ అయిన 24వ రోజున అచ్చం జూలీలాగే ఉండేది. చలాకీగా ఉందని ఇంట్లోవాళ్లు ఆ సాయంత్రం కాసేపు హాల్లోకి వదిలారు. కాలింగ్ బెల్ మోగింది. ఒక్క ఉదుటున తలుపు వైపు పరిగెత్తి, నున్నటి గచ్చు మీద వెనక కాళ్లు రెండూ చెరో వైపు జారాయి. స్క్రూలు ఎముకలోంచి ఊడి వచ్చేశాయి. రెండో ఆపరేషన్ మొదటిదానంత తేలిక కాదు. ఎముకకి అప్పటికే చిల్లులు పడి ఉంటాయి, కొత్త స్క్రూ బిగించడానికి గట్టి చోటు వెతుక్కోవాలి, చీము పట్టే ప్రమాదమూ ఎక్కువ. ఆ కుక్క చివరికి కోలుకుంది. కానీ 8 వారాల్లో అయిపోవలసింది ఆరు నెలలు పట్టింది. ఆ యజమాని నాతో అన్న మాట ‘బాగా నడుస్తోందని వదిలానండీ’. అందులో నిర్లక్ష్యం లేదు, అంతా ప్రేమే. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

అలాగని క్రేట్ శిక్షలా ఉండక్కర్లేదు. జూలీ తల వంచకుండా నిలబడి, ఒళ్లు తిప్పుకుని, కాళ్లు చాపి పడుకునేంత చోటు ఉండాలి. అంతకంటే పెద్దదైతే లోపలే గెంతుతుంది. కింద జారని పరుపు వేయండి. నీళ్ల గిన్నె తట్టి పడేయకుండా కమ్మీకి తగిలించండి. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని మూల గదిలో పెట్టొద్దు. మీరు రోజులో ఎక్కువసేపు ఎక్కడ ఉంటారో అక్కడే పెట్టండి. వంట చేస్తుంటే వంటింటి గుమ్మం దగ్గర, టీవీ చూస్తుంటే మీ పక్కన. వీధి కనిపించే కిటికీకి, కాలింగ్ బెల్‌కి మాత్రం దూరంగా ఉంచండి. ఈ రెండు నెలలూ బెల్ ఆపేస్తే ఇంకా మంచిది.

గిన్నెలో తిండి పెట్టడం మానేయండి. పూట తిండిలో సగం పాత టవల్లో చుట్టి ఇవ్వండి, ముక్కుతో విప్పుకుంటూ తింటుంది. ఇంకాస్త నాకుడు మ్యాట్ మీద పూయండి, లేదా నమిలే రబ్బరు బొమ్మలో కూరి పెట్టండి. పావుగంట సేపు ముక్కుతో వెతుక్కున్న కుక్క అలసిపోయి పడుకుంటుంది. కాళ్లకి పని లేనప్పుడు ముక్కుకి, బుర్రకి పని చెప్పాలి. పడుకునే నేర్చుకోగలిగినవి చాలా ఉన్నాయి. మీ అరచేతిని ముక్కుతో తాకడం, పేరు పిలిస్తే కళ్లలోకి చూడటం, గడ్డం నేలకి ఆనించి ఉంచడం. రోజుకి నాలుగైదు సార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు చాలు.

మూలిగిన ప్రతిసారీ తలుపు తీస్తే, మూలిగితే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. ఊరుకున్న క్షణం చూసి పలకరించండి, అప్పుడే ఏదైనా నోట్లో పెట్టండి. ఒకవేళ అది మూలుగు దాటి చొంగ కారుస్తూ, కమ్మీలు కొరుకుతూ, పళ్లకి రక్తం వచ్చేలా కొట్టుకుంటుంటే మాత్రం ఓర్చుకోమని నేను చెప్పను. అది భయం, క్రమశిక్షణతో పోదు. అలాంటి కుక్కలకి గది మూలన చిన్న కంచె కట్టి, లోపల ఎక్కడానికి ఏమీ లేకుండా చూసి అందులో ఉంచొచ్చు. ట్రాజొడోన్ లాంటి మందు కొన్ని వారాలు ఇచ్చి మనసు నెమ్మదింపజేసే దారీ ఉంది. అడగడానికి సంకోచించకండి. మత్తు ఇవ్వడం పాపం అనుకుంటారు కొందరు. రోజూ కొట్టుకుని కాలు విరగ్గొట్టుకోవడం కంటే పడుకుని నిద్రపోవడం దానికి ఎంతో మేలు.

ఇప్పుడు మీ రెండో భయం. 11వ రోజుకే కాలు అప్పుడప్పుడూ నేలకి ఆనిస్తోందన్నారు. అది మంచి వార్త. ఆపరేషన్ చెడిందనడానికి అది గుర్తు కాదు. ముందు వేళ్ల చివర్లు తాకిస్తుంది, తర్వాత నిలబడినప్పుడు ఆనిస్తుంది, ఆ తర్వాతే నడకలో వాడుతుంది. తొడ సన్నబడటమూ మామూలే. వాడని కండ రెండు వారాల్లోనే బాగా తగ్గిపోతుంది, తిరిగి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. చూసి బెంగపెట్టుకోకండి.

కాలు వాడించడానికి ఒక కిటుకు చెబుతాను. కుక్క వేగంగా వెళ్తే మూడు కాళ్ల మీదే కుంటుకుంటూ పోతుంది, దానికి అదే సులువు. బాగా నెమ్మదిగా నడిపిస్తే బరువు నిలుపుకోవడానికి నాలుగో కాలు కింద పెట్టక తప్పదు. అందుకే బయటికి తీసుకెళ్లినప్పుడల్లా పొట్టి లీష్ పట్టుకుని, పెళ్లికూతురు నడిచినట్టు నడిపించండి. ఒక పొడవాటి టవల్‌ను వెనక కాళ్లకి ముందు, పొట్ట కిందుగా పోనిచ్చి రెండు కొసలూ పైన పట్టుకోండి. దాంతో కుక్కను పైకి లేపకూడదు. అది జారితే పట్టుకోవడానికే ఆ టవల్. రోజుకి నాలుగైదు సార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు, పని కాగానే వెనక్కి. మెట్లుంటే ఎత్తుకోండి. ఒక చెయ్యి ఛాతీ ముందు నుంచి, ఇంకోటి పిర్రల వెనక నుంచి వేసి, వీపు వంగకుండా, బాగోలేని కాలు వేలాడకుండా మీ ఒంటికి ఆనించుకుని లేపాలి. నడిచే దారంతా పాత కార్పెట్ ముక్కలు గానీ రబ్బరు మ్యాట్లు గానీ పరవండి. అరికాళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించి, గోళ్లు తగ్గిస్తే జారడం ఇంకా తగ్గుతుంది.

విశ్రాంతి అంటే కాలు బిగదీసుకుపోనివ్వడమని కూడా అనుకోవద్దు. తొడ ఎముక విరిగిన కుక్కల్లో ఒక ప్రమాదం ఉంది. కాలు వంచకుండా ఉంచేస్తే తొడ ముందు కండ ఎముకకి అతుక్కుపోయి మోకాలు కర్రలా చాపుకుపోతుంది. వయసు తక్కువ కుక్కల్లో ఇది మరీ ఎక్కువ. ఒకసారి అలా బిగుసుకుపోతే మామూలు స్థితికి తేవడం చాలా కష్టం. కుట్లు తీయడానికి వెళ్లినప్పుడు, కాలు వంచి చాపే వ్యాయామం ఎప్పటినుంచి చేయించాలో అడగండి. డాక్టరు గారి చేత ఒకసారి చేయించుకుని చూడండి, తర్వాత వారి ముందే మీరు చేయండి. సాధారణంగా చేసే తీరు ఇది. బాగోలేని కాలు పైకి వచ్చేలా పక్కకి పడుకోబెట్టి, గోరువెచ్చని గుడ్డ పది నిమిషాలు తొడ మీద ఉంచాలి. మోకాలికి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి, సైకిల్ తొక్కుతున్నట్టు మెల్లగా మడిచి చాపాలి. ఎక్కడ అడ్డు తగిలితే అక్కడ ఆగాలి. పది పన్నెండు సార్లు, రోజుకి రెండు మూడు విడతలు. జూలీ తల తిప్పి మీ చేతి వైపు చూసినా, ఒళ్లు బిగబట్టినా అక్కడికి చాలు. బలవంతంగా ఒక్క అంగుళం వంచినా మర్నాటి నుంచి మిమ్మల్ని దగ్గరికి రానివ్వదు.

కుట్లు 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. అప్పటిదాకా మెడ చుట్టూ పెట్టిన గరాటు లాంటి కోన్ తీయొద్దు, రాత్రి అసలు తీయొద్దు. కుక్క నాకితే పుండు మానుతుందన్నది నిజం కాదు. పదేపదే నాకితే కుట్లు ఊడతాయి, నోట్లోని క్రిములు లోపలికి పోతాయి. గాయం మీద నూనెలు, పొడులు, పూతలు ఏవీ వద్దు. స్నానమూ వద్దు. రోజుకి రెండుసార్లు చూడండి, వీలైతే ఫోటో తీసి పెట్టుకోండి. ఎరుపు, వాపు రోజురోజుకీ తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో ఫోటోల్లో తెలిసినంతగా కంటికి తెలియదు.

అత్తయ్య గారికి నా మాటగా చెప్పండి, ఆవిడ ఆలోచన ప్రేమలోంచి వచ్చిందే. కానీ జూలీ ఎముక విరిగింది బండి గుద్ది, కాల్షియం తక్కువై కాదు. సరైన తిండి తినే ఎదిగిన కుక్కకి పైనుంచి కాల్షియం పోసినంత మాత్రాన ఎముక ముందుగా అతుక్కోదు. ఎదిగే వయసులోని పెద్ద జాతి పిల్లలకైతే ఎక్కువ కాల్షియం ఎముకల పెరుగుదలనే వంకర చేస్తుంది. కావలసింది మంచి మాంసకృత్తులున్న మామూలు ఆహారం, అదీ ఇదివరకటి కంటే కొంచెం తక్కువగా. పరుగులు లేవు కాబట్టి ఒంట్లో శక్తి ఖర్చు తగ్గింది. పక్కటెముకల మీద చెయ్యి వేసి నిమిరితే ఎముకలు వేళ్లకి తెలియాలి. తెలియకపోతే బరువు పెరుగుతోందన్నమాట, పెరిగిన ప్రతి కిలో ఆ ప్లేటు మీదే పడుతుంది.

ఆగకుండా డాక్టరు గారి దగ్గరికి వెళ్లవలసిన సందర్భాలు ఇవి. ఆనిస్తున్న కాలు ఉన్నట్టుండి పూర్తిగా ఎత్తేయడం. పాదం వంకర తిరిగినట్టు కనిపించడం. గాయంలోంచి చీము గానీ నీరు గానీ కారడం, దుర్వాసన రావడం. తొడ వేడిగా ఉబ్బడం. ఒక రోజు దాటి తిండి ముట్టకపోవడం. చిగుళ్లు తెల్లగా పాలిపోవడం. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, కాబట్టి మన లెక్కన జ్వరం అనుకుని కంగారుపడకండి. 103 దాటితే మాత్రం చెప్పాలి. మూడో వారం ముగిసేసరికి కూడా ఒక్కసారైనా కాలు ఆనించకపోతే అదీ చూపించాలి. ఈ జవాబు చదివే మిగతావారిలో కాలికి కట్టు ఉన్న కుక్కలుంటే ఒక్కమాట: కట్టు తడిస్తే అదే రోజు మార్పించండి. కింద కనిపించే వేళ్లు ఉబ్బి రెండు గోళ్ల మధ్య ఎడం పెరిగినా, చల్లగా తగిలినా కట్టు బిగిసిందన్నమాట. ఆ పరిస్థితిలో తెల్లారేదాకా ఆగినా కాలు పోవచ్చు.

6 నుంచి 8 వారాల మధ్య ఎక్స్‌రే తీస్తారు. ఎప్పుడు వదలాలో చెప్పేది ఆ ఎక్స్‌రేనే, జూలీ హుషారు కాదు. ఎముక అతుక్కుందని చెప్పాక కూడా ఒకేసారి వదలరు. లీష్ మీద పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి అయిదేసి నిమిషాలు పెంచుకుంటూ పోతారు. పరుగులు, తోటి కుక్కలతో కుస్తీలు మొత్తంమీద మూడో నెల దాటాకే. ప్లేటు తీయాలా అని చాలామంది అడుగుతారు. ఇబ్బంది పెట్టనంతకాలం దాన్ని అలాగే వదిలేస్తారు.

ఇక మంచం. ఎక్స్‌రే బాగుండి, ఆ తర్వాత ఇంకో నెల నడకలు గడిచాక రానివ్వొచ్చు. అప్పుడైనా దూకి ఎక్కడం, దూకి దిగడం వద్దు. ఏటవాలు పలకో, రెండు మెట్ల పీటో వేసి అలవాటు చేయండి. అంటే ఆపరేషన్ నుంచి దాదాపు మూడు నెలల మాట. అంతకాలం అది మీ దగ్గరికి రాలేదు, కాబట్టి మీరే దాని దగ్గరికి వెళ్లండి. ఈ రాత్రే మీ పరుపు తీసి క్రేట్ పక్కన నేల మీద వేసుకోండి. తల క్రేట్ వైపు పెట్టి, కమ్మీల సందులోంచి రెండు వేళ్లు లోపలికి పోనివ్వండి. మొదటి రాత్రి కాసేపు మూలుగుతుంది. తర్వాత మీ వేళ్ల మీద గడ్డం ఆనించి పడుకుంటుంది.